తెప్ప మీద ఒక తెల్లవారుజాము
(శతవార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ శతవార్షికోత్సవంలో మన అధ్యక్ష ఖండము కట్టిన దేవాలయాలను గూర్చి, పాఠశాలలను గూర్చి, ఆసుపత్రులను గూర్చి పెద్దలు చక్కగా మాట్లాడారు. మమ్మల్ని మన ఊరిని గూర్చి మాట్లాడమన్నారు. విశాఖపట్నం అనగానే ఎవరికైనా మొదట గుర్తుకు వచ్చేవి రెండు: ఓడరేవు, ఉక్కు కర్మాగారం. ఆ రెండిటికీ ముందునుంచి ఈ ఒడ్డున ఉన్న మూడవ దానిని గూర్చి నాలుగు మాటలు చెప్పాలని తలంచాము. అది తెప్ప.

మన ఊరి పెద్ద పనులకు తేదీలు ఉన్నాయి. ఓడరేవును 1933 డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు ప్రారంభించారు. మన నౌకా నిర్మాణ కేంద్రంలో తయారైన "జల ఉష" ఓడను 1948 మార్చిలో నెహ్రూగారు నీటిలోకి దించారు. ఉక్కు కర్మాగారానికి 1971 జనవరిలో ఇందిరాగాంధీ పునాదిరాయి వేశారు; 1992 ఆగస్టు 1న పి.వి.నరసింహారావుగారు దానిని జాతికి అంకితం చేశారు. చేపల రేవు 1976లో వచ్చింది. తెప్పకు మాత్రం శంకుస్థాపన తేదీ లేదు, శిలాఫలకం లేదు. వాడబలిజలు, జాలరులు ఎప్పటినుంచి ఈ ఒడ్డున ఉన్నారో అప్పటినుంచి అదీ ఉన్నది. పెద జాలారిపేట, వాసవానిపాలెం, జోడుగుళ్ళపాలెం, మంగమారిపేట, భీమిలి, ఇటు దక్షిణాన అప్పికొండ, ముత్యాలమ్మపాలెం, పూడిమడక, ఇవన్నీ తెప్ప ఆగిన చోట లేచిన ఊళ్ళే.

ఓడరేవు లేని రోజుల్లో పెద్ద ఓడలు దూరాన లంగరు వేసి నిలిచేవి. మనుషులనూ సరుకులనూ కెరటాలు దాటించి ఒడ్డుకు చేర్చినవి చిన్న చెక్క పడవలే. మేకులు లేకుండా పలకలను తాళ్ళతో కుట్టిన మసులా పడవలు ఆ పని చేసేవి. కెరటం విరిగినప్పుడు అవి వంగుతాయి గాని పగలవు. 1805లో లండన్ మిషన్ తరఫున జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ ఈ పట్టణానికి వచ్చి సువార్తలను తెలుగు చేసే పని మొదలుపెట్టిన నాటికి ఇక్కడి తీరం అటువంటిదే. సువార్తకైనా సరుకుకైనా ఆనాడు ఈ తీరాన దారి చూపిన చేతులు తెడ్డు పట్టిన చేతులు. మన సంఘ చరిత్రలలో ఆ చేతుల ప్రస్తావన ఎక్కడో గాని కనబడదు.

తెప్ప అంటే ఏమిటో పట్టణపు పిల్లలకు చెప్పవలసి వస్తున్నది గనుక చెప్పుచున్నాము. తేలికైన కర్ర దుంగలను చెక్కి, పక్కపక్కన చేర్చి, ఒకటిగా బిగిస్తారు. ముందు భాగం కెరటం మీదికి ఎక్కేటట్లు పైకి తిరిగి ఉంటుంది. దానికి గొయ్యి వంటి లోపలి భాగం లేదు. తీరం చేరిన తరువాత కట్లు విప్పి దుంగలను వేరుచేసి ఎండలో ఆరబెట్టడం పూర్వపు అలవాటు. నీరు పీల్చిన కర్ర బరువెక్కి సరిగా తేలదు. మనం కట్టుమ్రాను అనేదీ, తమిళులు కట్టుమరం అనేదీ ఇదే. ఆ మాటే ఇంగ్లీషులోకి వెళ్ళి, ఇప్పుడు ప్రపంచంలో రెండు అడుగులు గల విలాస నౌకలకు పేరైంది. కోరమండల్ తీరంలో వీటిని చూసిన ఇంగ్లీషు నావికుడు విలియం డాంపియర్ 17వ శతాబ్దం చివరి ఏళ్ళలోనే వీటిని గూర్చి వ్రాశాడు.

కొన్ని సంవత్సరాల క్రితం, మాఘ మాసపు చలిలో, తెరచాపతో నడిచే అటువంటి తెప్ప మీద మేము సముద్రం మీదికి వెళ్ళాము. మాతో మా సంఘ పెద్ద ఒకరు ఉన్నారు. ఆయన ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేసు దగ్గర ముప్పై ఏళ్ళు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు. ఈ ఊరిలో అంత కాలం ఉండి కూడా ఒడ్డునుంచి నూరు గజాలు ఏనాడూ లోపలికి వెళ్ళలేదన్నారు. తెప్ప పెద్దాయన, ఆయన మేనల్లుడు, మేమిద్దరం, వెరసి నలుగురం.

వేకువ నాలుగు గంటలకు ఒడ్డున చీకటి. లంగరు వేసి రేవులోకి పిలుపు కోసం కాచుకున్న ఓడల దీపాలు దూరాన వరుసగా కనబడుతున్నాయి. పెద్దాయన తొందరపడలేదు. కెరటాలు విరిగే చప్పుడు వింటూ నిలబడ్డాడు. పెద్దవి కొన్ని వచ్చిన తరువాత కొంచెం సందు దొరుకుతుంది. ఆ సందులోనే తెప్పను నెట్టాలి. "ఇప్పుడు" అని ఒక్క మాట అనగానే అందరం నెట్టి ఎక్కాము. అక్కడ ఆలోచించుకొనే వ్యవధి లేదు. కెరటాలు దాటగానే ఆయన వంగి చేతితో నీటిని తాకి, ఆ చెయ్యి కళ్ళకు అద్దుకున్నాడు. ఆయనకు ఆ నీరు గంగమ్మ. మేము మౌనంగా ప్రార్థించుకున్నాము. ఒకే తెప్ప మీద రెండు విన్నపాలు వెళ్ళాయి. తెప్ప ఎవరినీ దింపలేదు.

తరువాత తెరచాప ఎత్తారు. అంతవరకు మాకు తెలియకుండా వీపున తగులుతున్న చల్లగాలి గుడ్డలో నిండగానే తెప్పకు ప్రాణం వచ్చినట్లయింది. ఆ గాలి రహస్యం చిన్నదే. రాత్రివేళ నేల త్వరగా చల్లబడుతుంది. సముద్రం పగటి వేడిని నిలుపుకుంటుంది. సముద్రం మీది గాలి తేలికై పైకి లేస్తే, ఆ చోటు నింపడానికి నేల మీది చల్లగాలి సముద్రం వైపు కదులుతుంది. పగలు ఎండ ఎక్కి నేల వేడెక్కినప్పుడు ఇదే తిరగబడుతుంది. గాలి సముద్రం నుంచి ఒడ్డుకు వీస్తుంది. అందువల్ల తెల్లవారకముందే బయలుదేరిన తెప్పను నేల గాలి తీసుకొనిపోతుంది, మధ్యాహ్నానికి ముందు సముద్రపు గాలి తీసుకొనివస్తుంది. నూనె ఖర్చు లేదు, చప్పుడు లేదు. పాఠశాలలో ఈ సంగతి పటం గీసి చదివినవారమే గాని, అది ఒక కుటుంబానికి కూడు పెట్టే సంగతి అని మాకు ఆ వేకువన తెలిసింది.

సంఘ పెద్దగారు తెప్ప దుంగను రెండు చేతులా గట్టిగా పట్టుకొని కూర్చున్నారు. దుంగల సందులలోనుంచి నీరు పైకి వచ్చి మా పాదాలు తడిపి మళ్ళీ దిగిపోతున్నది. తోడిపోయడానికి డబ్బా ఏదైనా ఉందా అని ఆయన అడిగారు. పెద్దాయన నవ్వాడు.

"బిగుసుకు కూకోకండి బాబూ. తెప్ప ఎటు ఊగితే మీరూ అటు ఊగండి. ఇది ములగదు. ములిగిపోడానికి దీనికి లోపలేటుంది? నీరొత్తాది, నీరెల్తాది. ఓడకైతే చిల్లు పడితే బయ్యం. దీనికి అన్నీ చిల్లులే."

ఆ మాట మేము మరచిపోలేదు. ఓడ నీటిని బయట ఉంచి తేలుతుంది. తెప్ప నీటిని రానిచ్చి తేలుతుంది. దాని బలం దాని కర్రలోనే ఉన్నది. సంఘమును ఓడతో పోల్చడం మనకు పరిపాటి. నోవహు ఓడ మనకు రక్షణకు గుర్తు. అయితే మన చుట్టూ ఉన్న జనుల కష్టాలు లోపలికి రాకుండా తలుపు వేసుకుంటేనే సంఘము తేలుతుందని అనుకొనే ప్రమాదం కూడా ఆ పోలికలో ఉన్నది. మన పాదాలు తడిసినంత మాత్రాన మనం మునిగిపోము.

తూరుపు తెల్లబడే వేళకు పెద్దాయన ఒడ్డు వైపు తిరిగి చూడడం మొదలుపెట్టాడు. కుడి చెయ్యి ఎత్తి ఒక కొండ కొన, దాని ముందు ఒడ్డున ఒక గుర్తు, రెండూ ఒక గీతలోకి వచ్చేవరకు తెప్పను జరిపాడు. తరువాత దక్షిణాన యారాడ కొండ, డాల్ఫిన్స్ నోస్ అని మనం పిలిచేది, దానితో మరొక గుర్తును కలిపి చూశాడు. ఆ రెండు గీతలు కలిసే చోట నీటి అడుగున రాతి నేల ఉన్నదట. చేప అక్కడ నిలుస్తుందట. ఒక్క గుర్తును నమ్ముకుంటే దిక్కు మాత్రమే తెలుస్తుంది, చోటు తెలియదు. దగ్గరిది ఒకటి, దూరపుది ఒకటి, అటువంటి జతలు రెండు ఉండాలి. కైలాసగిరి, సింహాచలం కొండలు, రేవు ముఖద్వారాన వరుసగా ఉన్న మూడు గుట్టలు, వాటి మీద మరియమాత దేవాలయం, దర్గా, వేంకటేశ్వరుని గుడి: మనకు ఇవి యాత్రాస్థలాలు, ఆయనకు ఇవి లెక్కల పుస్తకం. ఆయన బడికి వెళ్ళినవాడు కాడు. కాని నీటి మీద గీతలు గీసి లెక్క తేల్చగలడు.

"నీళ్ళ రంగు మారింది, సూశారా?" అని ఆయన అడిగాడు. మాకు అంతా ఒకే రంగుగా కనబడింది. సంఘ పెద్దగారు మాత్రం కొంతసేపు చూసి, "అవును, అక్కడ కొంచెం చిక్కగా ఉంది" అన్నారు. తరువాత మెల్లగా తన సంగతి చెప్పారు. ఫర్నేసు దగ్గర మీటర్లు ఉన్నా, పాతవాళ్ళు ఇనుము ధార రంగు చూసి దాని వేడి చెప్పేవారట. కొత్త కుర్రవాళ్ళకు ఆ రంగు కనబడడానికి సంవత్సరాలు పట్టేదట. "మా దగ్గర ఆ చూపు ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే రిటైరైపోయారండీ" అన్నారు. "మా దగ్గర కూడా అంతే బాబూ" అన్నాడు తెప్ప పెద్దాయన. నిప్పు దగ్గర బ్రతికిన మనిషీ నీటి మీద బ్రతికిన మనిషీ ఆ తెప్ప మీద ఒకరికొకరు బంధువులైనట్లు మాట్లాడుకోవడం మేము విన్నాము.

సూర్యుడు నీటిలోనుంచి లేచాడు. వల తీస్తే కవళ్ళు, కొన్ని కానాగంతలు వచ్చాయి; కోనాం ఒక్కటీ పడలేదు. మేనల్లుడు మొగం ముడుచుకున్నాడు. పెద్దాయన "గంగమ్మ ఇచ్చింది చాలు" అన్నాడు. పదిన్నర దాటిన తరువాత గాలి తిరిగింది. మేము ఒడ్డు చేరేసరికి ఆడవాళ్ళు గంపలతో సిద్ధంగా ఉన్నారు. బేరం, అమ్మకం, లెక్క, అప్పు తీర్చడం, బియ్యం తేవడం, అన్నీ వారి చేతిలో ఉన్నాయి. వచ్చిన డబ్బులో తెప్పకు ఒక వాటా, వలకు ఒక వాటా, మనుషులకు వాటాలు. పని చేసిన మనిషితో పాటు పనిముట్టుకు కూడా వాటా పెట్టిన ఆ లెక్క న్యాయమైనది. తెప్ప పాడైతే బాగుచేసుకొనే సొమ్ము అందులోనే ఉన్నది.

మన ప్రభువు తన మొదటి శిష్యులను పిలిచినది ఇటువంటి ఒడ్డుననే. పేతురు, అంద్రెయ, యాకోబు, యోహాను చేపలు పట్టేవారు. పునరుత్థానం తరువాత ఆయన వారిని కలిసిన ఒక వేకువ కూడా పడవకూ ఒడ్డుకూ మధ్యనే గడిచింది. రాత్రంతా శ్రమపడినవారికి ఆయన మొదట భోజనం పెట్టాడు. 1986లో కరువు వచ్చి గలిలయ సరస్సు నీరు తగ్గినప్పుడు, గినోసర్ అనే చోట చేపలు పట్టే సోదరులు ఇద్దరికి బురదలో ఒక పాత చెక్క పడవ కనబడింది. సుమారు 8 మీటర్ల పొడవు, 2 మీటర్లకు పైగా వెడల్పు. పరీక్షించినవారు అది ప్రభువు జీవించిన కాలం ప్రాంతానిదని తేల్చారు. అది ఎవరి పడవో ఎవరూ చెప్పలేరు, చెప్పనక్కరలేదు. మమ్మల్ని కదిలించిన సంగతి వేరొకటి. అందులో పది రకాలకు పైగా కర్ర ఉన్నది. మంచి దేవదారు, సింధూరం పలకలతో పాటు, దొరికిన ప్రతి ముక్కనూ తెచ్చి అతుకు మీద అతుకు వేశారు. ఒక పేద కుటుంబం ఏళ్ళ తరబడి దానిని బాగుచేసుకుంటూ బ్రతికింది. మన జాలారిపేటలలో ఎవరిని అడిగినా ఆ పడవ కథ అర్థమవుతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాము. చెక్క తెప్పలు తగ్గిపోయాయి. వాటి స్థానంలో ఫైబర్ తెప్పలు, వాటికి మోటార్లు వచ్చాయి. పేరు మాత్రం తెప్పే. దీనిని గూర్చి కన్నీరు కార్చడానికి మేము రాలేదు. ఫైబర్ నీరు పీల్చదు, మోటారు తుఫానుకు ముందే ఇల్లు చేరుస్తుంది. హైదరాబాదులో 1999లో నెలకొన్న సముద్ర సమాచార కేంద్రం, ఇన్‌కాయిస్, చేప దొరికే చోట్లను, అలల ఎత్తును ముందుగా తెలుపుచున్నది. అది ఎన్నో ప్రాణాలకు మేలు. మన కళ్ళకు అందంగా ఉంటుందని మరొకడు పేదవాడుగానే ఉండిపోవాలని కోరడం క్రైస్తవ ప్రేమ కాదు.

అయితే పోగొట్టుకోకూడనివి రెండు పోవుచున్నాయి. మొదటిది ఒడ్డు. తెప్పకు జెట్టీ అక్కరలేదు, ఇసుక కావాలి. మన తీరం వెంబడి ఇసుక ఏటా మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. రేవు కోసం కట్టిన గోడలు ఆ కదలికను ఆపుతాయి. అప్పుడు ఉత్తరాన ఉన్న బీచి కోసుకుపోతుంది. రేవువారు ఇసుకను తవ్వి తెచ్చి పోస్తున్నా, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు సముద్రం ఎంత ఒడ్డును మింగిందో మీరంతా చూశారు. దక్షిణాన 2009లో గంగవరం ఓడరేవు ప్రారంభమైంది. దానికోసం దిబ్బపాలెం జాలరులు తమ ఒడ్డు వదలి కదలవలసి వచ్చింది. ఓడరేవులు వద్దని మేము అనము; మన సంఘస్థులలో అనేకుల అన్నం అక్కడే ఉన్నది. కాని ఒక ఒడ్డు తీసుకుంటే ఇంకొక ఒడ్డు ఎక్కడ అని అడిగే నోరు మనకు ఉండాలి.

రెండవది ఆ చూపు. గాలులను, నీటి రంగును, కొండ గుర్తులను ఎరిగిన జ్ఞానం చాలా భాగం ఏ కాగితం మీదా లేదు. అది ముసలివారి తలలలో ఉన్నది. గుర్తులుగా వాడిన కొండలకు అడ్డంగా మేడలు లేస్తున్నాయి. ఫోను చూసి వెళ్ళే కుర్రవాడికి ఆ గుర్తుల అవసరం కనబడదు. సముద్రం మధ్యలో ఫోను తడిసిన రోజున కనబడుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మన తూర్పు తీరంలో మోటారు పడవల వేట నిషేధం ఉంటుంది, చేప గుడ్లు పెట్టే కాలం గనుక. ఆ రోజుల్లో రేవు అంతా కట్టివేసి ఉన్నప్పుడు మోటారు లేని సంప్రదాయపు తెప్పకు మాత్రం మినహాయింపు ఉన్నది. చట్టం దానిని గుర్తించింది. చట్టానికి ఉన్నపాటి జ్ఞాపకం మనకు ఉండవద్దా?

మన సంఘము వ్రాసుకొనే సంఘము. బాప్తిస్మపు రిజిస్టర్లు, వివాహపు రిజిస్టర్లు, సమాధుల రిజిస్టర్లు, చెదలు పట్టకుండా తరతరాలుగా భద్రపరచుకున్నాము. డెస్ గ్రాంజెస్ మొదలుపెట్టిన పని వలన మూడు సువార్తలు 1812లో సేరంపూరులో తెలుగులో అచ్చయ్యాయి; ఈ ఊరిలో పరదేశులు కూర్చొని మన మాటలను ఒక్కొక్కటిగా నేర్చుకొని వ్రాసుకున్నారు. ఆ ఓర్పులో కొంత మనం మన పొరుగువారి కోసం చూపాలని మా మనవి.

తీరాన ఉన్న మన ప్రతి సంఘములో యౌవనస్థులు ఒక నోటు పుస్తకం తీసుకొని, దగ్గరి జాలారిపేటకు వెళ్ళి, పెద్దల కాళ్ళ దగ్గర కూర్చోవాలి. వారు ఏ దేవుని మొక్కుతారో అడగనక్కరలేదు. ఏ నెలలో ఏ గాలి, దాని పేరు ఏమి, ఏ రెండు గుర్తులు కలిస్తే ఏ నేల, ఏ చేప ఎప్పుడు వస్తుంది, తెప్పకు ఏ కర్ర, దానిని ఎలా చెక్కుతారు, ఇవన్నీ వారి మాటలలోనే వ్రాయాలి. ఆడవారిని కూడా అడగాలి. ఒడ్డు మీది లెక్కలు వారికే తెలుసు. వ్రాసిన పుస్తకం ఒక ప్రతి మన దేవాలయపు బీరువాలో రిజిస్టర్ల పక్కన, ఒక ప్రతి ఆ పేటలోని బడిలో ఉండాలి. ఇది ఖర్చు లేని పని. వేకువనే లేవాలి, అంతే.

మేము దిగిన తరువాత సంఘ పెద్దగారు పెద్దాయన చేతిలో కొంత డబ్బు పెట్టబోయారు. ఆయన తీసుకోలేదు. "మా పిల్లడికి ఇవేవీ పట్టవు బాబూ. మీరైనా అడిగారు" అన్నాడు. అడగడమే ఆయనకు చేరిన వాటా. అటువంటివారు మన తీరమంతా ఇంకా ఉన్నారు, అడిగేవారి కోసం చూస్తున్నారు. వారి వయస్సు డెబ్బై దాటుతున్నది గనుక, ఈ పనిని వచ్చే సంవత్సరానికి వాయిదా వేయవద్దని బ్రతిమాలుకుంటున్నాము. సముద్రము మీద ఉన్నవారినీ ఒడ్డున కాచుకున్నవారినీ దేవుడు కాపాడును గాక.